ముందే చూసి ఉంటే

పెంచుకున్న కుక్క జబ్బుపడి చనిపోయిన ఇంట్లో ఏడుపు తగ్గాక కూడా కొన్ని మాటలు మిగిలిపోతాయి. అన్నం వదిలేసిన రోజే తీసుకెళ్లాల్సింది. ఆ మందు డబ్బా అరుగు మీద పెట్టకుండా ఉండాల్సింది. చివరి ఇంజెక్షన్‌కు ఒప్పుకోకుండా ఉండాల్సింది, లేదా ఇంకో వారం ముందే ఒప్పుకోవాల్సింది. మనిషి పోయినప్పుడూ ఇలాంటి మాటలు వస్తాయి. కానీ అక్కడ తప్పును పంచుకోవడానికి డాక్టర్లుంటారు, బంధువులుంటారు, పోయిన మనిషి సొంత అలవాట్లుంటాయి, ఎవరూ దొరక్కపోతే తలరాత ఉంటుంది. కుక్క విషయంలో ఆ పంపకం కుదరదు. అది ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఒక్కోసారి ఎప్పుడు పోవాలో కూడా పెంచినవాళ్లే నిర్ణయిస్తారు. అందుకే కుక్క పోయిన దుఃఖంలో రెండు పాళ్లుంటాయి. ఒకటి అది లేని లోటు. రెండోది తప్పు నాదే అన్న బాధ. మొదటిదానికి ఏ శాస్త్రమూ మందు చెప్పలేదు. రెండోదాని గురించి శాస్త్రం చెప్పగలిగింది చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం జబ్బు దాక్కునే తీరు వల్ల, జరిగిపోయినదాన్ని మన బుర్ర తిరగరాసుకునే తీరు వల్ల పుట్టిందే. కొంత భాగం మాత్రం నిజమే. ఏది ఏదో విడదీయడం ఈ అధ్యాయం పని.

పత్తి, మిరప పండే నల్లరేగడి నేలల్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడదాం. గుంటూరు, ప్రకాశం జిల్లాలు, 2022 ఏప్రిల్‌లో వాటిలోంచి ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలు. గుంటూరు బ్రాడీపేట అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్లు, పామరేనియన్లు ఉన్నమాట నిజమే. కానీ ఈ ప్రాంతంలో ఎక్కువమందికి కుక్కంటే నాటు కుక్కే. గొలుసు ఉండదు, లైసెన్సు ఉండదు, పేరుంటుంది. మిరపకాయ కోసి కళ్ళంలో ఎండబోసే రోజుల్లో, అంటే సంక్రాంతి దాటాక ఏప్రిల్ దాకా, ఇంటి మగవాళ్లు కళ్ళం దగ్గరే మంచమేసుకుంటారు, కుక్క ఆ మంచం కింద పడుకుంటుంది. కాయ మార్కెట్ యార్డుకెళ్లాక కుక్క మనుషులతోపాటు ఇంటికొస్తుంది. ఇలాంటి కుక్కకు యజమాని ఎవరంటే ఒక్క పేరు చెప్పడం కష్టం. అది పోయినప్పుడు మాత్రం బాధ్యత ఎవరిదో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరికి వాళ్లు తమదే అనుకుంటారు.

వీధి కుక్కల జీవితం ఎంత దుర్బలమో లెక్కగట్టినవాళ్లున్నారు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం పశ్చిమ బెంగాల్ వీధుల్లో 95 ఈతల్లో పుట్టిన 364 కుక్కపిల్లల్ని వెంబడించి, 2016లో ఫలితాలు అచ్చువేసింది. పిల్లల్ని కనే వయసు దాకా, అంటే సుమారు 7 నెలల దాకా, బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతానికి మనుషులే ఏదో ఒక రూపంలో కారణం. బెంగాల్ అంకెను పల్నాటికి యథాతథంగా అతికించలేం గానీ, దిశ ఒకటే. దీన్ని తిప్పి చూడండి. ఐదేళ్లో ఆరేళ్లో ఒక నాటు కుక్క ఏదైనా ఇంటి దగ్గర బతికిందంటే, అన్ని రోజులూ ఎవరో దానికి గిన్నెలో అన్నం పెట్టారు, లారీల కింద పడకుండా కేకేసి పిలిచారు, వానలో లోపలికి రానిచ్చారు. తప్పు నాదే అనుకునే మనిషి తీసే లెక్కలో చివరి వారం ఒక్కటే ఉంటుంది. ముందటి ఐదేళ్లు ఖాతాలోకే రావు. లెక్క మొదట్లోనే తప్పింది.

ఇక జబ్బులు దాక్కునే తీరు. ఈ మైదానంలో కుక్కల్ని బాగా పట్టిపీడించే వాటిలో పిడుదుల జ్వరం ఒకటి. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు వేడి ప్రాంతాల జీవి. వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడిగా పేరుపడ్డ రెంటచింతల లాంటి ఊళ్లు దానికి బాగా పడతాయి. చెవి లోపలి మడతలో, కాలివేళ్ల సందుల్లో కందిగింజంత బూడిదరంగు బుడిపెలా కనిపించేది రక్తం తాగిన ఆడ పిడుదు. అది కడుపు నిండాక రాలిపోయి గోడ పగుల్లోకి దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. అది కుట్టినప్పుడు ఎర్లిషియా కానిస్ అనే బాక్టీరియా కుక్క తెల్లరక్తకణాల్లోకి చేరుతుంది. వారం నుంచి మూడు వారాల్లో జ్వరం వస్తుంది, తిండి మందగిస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు అలా ఉండి చాలా కుక్కల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు, తగ్గింది కదా అని ఊరుకుంటారు. అసలు కథ అక్కడే మొదలు. తరువాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు, కుక్క మామూలుగా తిరుగుతుంది. లోపల ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి, అంతే. కొన్ని కుక్కలు ఈ దశలోనే సూక్ష్మజీవిని వదిలించుకుంటాయి. మిగిలినవాటిలో కొన్నిటికి ఒకరోజు ముక్కునుంచి రక్తం కారుతుంది, చిగుళ్లు సున్నంలా తెల్లబడతాయి. అప్పటికి ఎముకల మూలుగు రక్తకణాలు తయారుచేయడం దాదాపు మానేసి ఉంటుంది. మొదటి జ్వరంలో నాలుగు వారాల డాక్సీసైక్లిన్‌తో చక్కగా నయమయ్యే జబ్బు, ఈ చివరి దశలో తరచు మందుకు లొంగదు.

దీన్ని ముందే కనిపెట్టకపోవడం నిర్లక్ష్యమా? 1960ల చివర్లో వియత్నాంలో అమెరికా సైన్యం కుక్కలకు ఇదే జరిగింది. వాటికి రోజూ ఒళ్లంతా తడిమి చూసే శిక్షకులున్నారు, సైన్యం జీతమిచ్చే పశువైద్యులున్నారు, ప్రయోగశాలలున్నాయి. ఈ సూక్ష్మజీవిని 1935లోనే అల్జీరియాలో గుర్తించి వర్ణించారు కూడా. అయినా ముక్కులనుంచి రక్తం కారుతూ జర్మన్ షెపర్డ్‌లు వరసగా చనిపోతుంటే, అదేమిటో తేల్చడానికి సమయం పట్టింది. అంత యంత్రాంగానికే అందని జబ్బును, పొద్దున్నే మందు కొట్టడానికి పొలం వెళ్లి చీకటిపడ్డాక ఇంటికొచ్చే మనిషి కుక్క నడకనుబట్టి పసిగట్టాల్సిందని అనడం న్యాయం కాదు. పిడుదులు ఒంటినిండా ఉన్నా ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అది వేరే సంగతి. రెండిటికీ తేడా ఉంది, ఆ తేడాను చూపించేది పిడుదు జీవితచక్రమే. అది గుడ్డు నుంచి పుట్టి మళ్లీ గుడ్లు పెట్టేలోపు మూడుసార్లు కుక్క మీదికెక్కి మూడుసార్లు కిందికి దిగుతుంది. కాబట్టి కుక్క ఒంటి మీద కనిపించేవి ఇంట్లో ఉన్నవాటిలో కొద్దిపాళ్లే. శ్రద్ధగా ఏరేసేవాళ్ల కుక్కకూ జబ్బు రాగలదు.

మూత్రపిండాల సంగతి ఇంకా కఠినం. వాటి పనిలో మూడింట రెండు వంతులు పోయేదాకా మూత్రం చిక్కబరిచే శక్తి తగ్గినట్టు కూడా తెలియదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది. నీళ్లు ఎక్కువ తాగుతోంది అని ఇంట్లోవాళ్లు గమనించే తొలి లక్షణం కూడా మే నెల ఒంగోలులో ఎవరికీ అనుమానం కలిగించదు. వయసు కూడా మోసం చేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాస్త్రవేత్తలు లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద వయసుతో మారే రసాయన గుర్తుల్ని మనుషులవాటితో పోల్చి 2020లో ఒక లెక్క చెప్పారు. ఏడాది కుక్క ముప్పై ఏళ్ల మనిషితో సమానం, ఎనిమిదేళ్ల కుక్క అరవై దాటిన మనిషితో సమానం. కుక్క ఏడాదికి ఏడు మానవ సంవత్సరాలన్న పాత సూత్రం కన్నా ఇది ఘాటైనది. మొన్నమొన్న తెచ్చిన పిల్ల అన్న భావన ఇంట్లో ఉండగానే అది పెద్దవయసులోకి వెళ్లిపోతుంది. దానికి తోడు నొప్పిని నోటితో చెప్పలేదు, మనిషి కనబడగానే లేచి తోకాడిస్తుంది. కీళ్లు పట్టేసిన కుక్క కూడా బండి చప్పుడు వినగానే గేటు దాకా వస్తుంది. ఆ రాకను చూసి ఆరోగ్యంగా ఉందనుకున్నవాళ్లది గుడ్డితనం కాదు.

సరే, అప్పుడు కనిపించలేదు. ఇప్పుడు మాత్రం అన్నీ కనిపించి ఉన్నట్టే ఎందుకు అనిపిస్తుంది? దీనికి జవాబు పశువైద్యంలో లేదు, మనస్తత్వ శాస్త్రంలో ఉంది. 1975లో బరూక్ ఫిషాఫ్ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం ప్రచురించాడు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సేనలకు, నేపాల్ గూర్ఖాలకు మధ్య జరిగిన పోరు గురించి ఒకే వ్యాసాన్ని అందరికీ చదవనిచ్చాడు. ఇంగ్లీషువాళ్లు గెలిచారని కొందరికి, గూర్ఖాలు గెలిచారని కొందరికి, ఎవరూ గెలవలేదని మరికొందరికి చెప్పాడు. తరువాత, ఫలితం తెలియకపోతే మీరు ఏది జరుగుతుందని అనుకునేవారో చెప్పండి అన్నాడు. ఎవరికి ఏ ఫలితం చెప్పాడో వాళ్లకు అదే మొదటినుంచీ ఎక్కువ సంభావ్యంగా తోచింది. వ్యాసంలో ఆ ఫలితాన్ని సూచించే వాక్యాలే ముఖ్యమైనవనీ అనిపించాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో ఎన్నో రకాలుగా ఈ ప్రయోగాన్ని తిరిగి చేసి చూశారు, నిలబడింది. కుక్క చనిపోయాక జరిగేది ఇదే. చివరి ఆరు నెలల్లో అది ముప్పైసార్లు అన్నం సగం వదిలేసి ఉంటుంది, ఎండకో, పక్కింట్లో తిన్నందుకో. చావు తెలిశాక అందులో ఒకటి మాత్రం వెలుగులోకొచ్చి, మిగతావన్నీ మరుగునపడతాయి. అప్పుడే తెలిసింది కదా అన్న మాట జ్ఞాపకం కాదు, ఇవాళ్టి తెలివిని పోయిన నెలకు అంటగట్టడం.

ఇక్కడిదాకా వాదన పెంచినవాళ్లకు అనుకూలంగా నడిచింది. రెండోవైపు చూడకపోతే ఇది ఓదార్పు అవుతుంది గానీ శాస్త్రం కాదు. పత్తి, మిరప పొలాల దగ్గర కుక్కలు చచ్చిపోవడానికి పురుగుమందు ఒక పెద్ద కారణం, ఆ విషయంలో నేరభావమంతా భ్రమేనని కొట్టిపారేయలేం. 2021లో నల్ల తామర పురుగు మిరపతోటల మీద పడ్డప్పుడు రోజు విడిచి రోజు మందు కొట్టినవాళ్లున్నారు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతి మందులు కుక్క ఒంట్లో చేసే పని ఒకటే. నరం నుంచి కండకు కబురు చేర్చేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. కబురు అందగానే దాన్ని చెరిపేసే ఎంజైమ్ ఒకటుంటుంది. ఈ మందులు ఆ ఎంజైమ్‌ను కట్టిపడేస్తాయి. కబురు చెరగదు, ఆగదు. నోటివెంట చొంగ, నురగ, కళ్లలో నీళ్లు, సూదిమొనంతగా ముడుచుకున్న కంటిపాప, విరేచనం, చర్మం కింద కండలు పురుగులు పాకినట్టు అదరడం, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఊపిరి తీసే కండలు అలిసి శ్వాస ఆగడం. అట్రోపిన్ సమయానికి పడితే చాలా కుక్కలు బతుకుతాయి. మందు తాగిన మనుషులకు ఆసుపత్రిలో ఎక్కించేదీ అదే. గ్రామాల్లో ఉప్పునీళ్లో, చింతపండు రసమో గొట్టంతో పోసి కక్కించాలని చూస్తారు. అప్పటికే అదురుతున్న కుక్కకు అలా పోస్తే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషం.

ఇక్కడ పొరపాటు ఎంతవరకు సొంతం? ఎలుకల కోసం అన్నంలో కలిపి గట్టుమీద పెట్టిన మందు, సగం వాడి చుట్టి పెట్టిన గుళికల పొట్లం, మందు కలిపిన బకెట్‌లోనే పశువులకు నీళ్లు పెట్టడం, ఇవి నివారించదగ్గవి. ఫోరేట్ అనే పురుగుమందు గుళికలను 2020 ఆఖరి రోజుతో దేశంలో నిషేధించారు గానీ పాత పొట్లం చూరులో ఉంటే నిషేధం దాన్ని చెరపలేదు. అయితే తడిసిన చేలో నడిచి ఇంటికొచ్చి పాదాలు నాక్కున్న కుక్క, పక్కచేనువాడు అడవిపందుల కోసం పెట్టిన ఎర తిన్న కుక్క, వీటి చావులో యజమాని వాటా చాలా తక్కువ. బరువు కూడా చూడండి. పదిహేను కిలోల కుక్కకూ అరవై కిలోల మనిషికీ ఒకే మోతాదు అంటుకుంటే కిలోకు పడే విషం నాలుగురెట్లు. రైతుకు సాయంత్రం తలనొప్పిగా మాత్రమే తెలిసేంత మందు కుక్క ప్రాణం మీదికి తేవచ్చు. తన ఒంటికి ఏమీ కాలేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్న మనిషి అబద్ధం ఆడలేదు, తన శరీరాన్ని కొలతగా తీసుకున్నాడు.

కుక్కపిల్లల పార్వో జబ్బులో నివారించగలిగింది, చేతిలో లేనిది రెండూ కలిసే ఉంటాయి. 1978లో ప్రపంచమంతా ఒక్కసారిగా బయటపడ్డ ఈ వైరస్ పేగుల పొరను తినేస్తుంది. రక్తవిరేచనాలు, వాంతులు, ఒళ్లంతా నీరు పోయి నాలుగైదు రోజుల్లో చావు. టీకా ఉంది, వేయించకపోవడం తప్పే. కానీ వేయించినా పోయిన పిల్లలున్నాయి, దానికి కారణం తల్లి. తల్లిపాలతో వచ్చిన రక్షణ పదార్థాలు పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను కూడా శత్రువనుకుని అడ్డుకుంటాయి. అవి తగ్గుతూ, నిజం వైరస్‌ను ఆపలేనంత తక్కువై, టీకాను మాత్రం పనిచేయనివ్వనంత ఎక్కువగా ఉండే కొన్ని వారాలుంటాయి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయమంటారు. ఒక్క సూది వేయించి అయిపోయిందనుకున్నవాళ్లకు ఎవరూ ఈ సంగతి విడమర్చి చెప్పలేదన్నది నా అనుభవంలో కాదు, టీకా కార్డుల్లో ఖాళీగా ఉన్న గళ్లలోనే కనిపిస్తుంది.

దీర్ఘకాలం జబ్బుపడ్డ కుక్కను చూసుకోవడం మనిషిని ఏం చేస్తుందో కూడా కొలిచారు. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ బృందం 2017లో 238 మందిని పరిశీలించింది. సగంమంది తీవ్రంగా జబ్బుపడ్డ జంతువుల్ని సాకుతున్నవాళ్లు, సగంమంది ఆరోగ్యంగా ఉన్నవాటిని సాకుతున్నవాళ్లు. మొదటివాళ్లలో భారం, ఒత్తిడి, దిగులు, ఆందోళన స్పష్టంగా ఎక్కువ. మతిమరుపు జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల్ని చూసుకునేవాళ్లలో కొలిచే భారమూ ఇదీ ఒకే జాతి. మన దగ్గర దీనికి దూరం తోడవుతుంది. ఊళ్లోని పశువుల ఆసుపత్రి గేదెలకు, గొర్రెలకు, ఒంగోలు గిత్తలకు పుట్టింది, అది దాని తప్పు కాదు. కుక్కకు స్కానింగో ఆపరేషనో కావాలంటే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దాకా పోవాల్సి రావచ్చు. ఒంగోలు నుంచి అది నూటయాభై కిలోమీటర్ల పైమాట. కూలి పోగొట్టుకుని, ఆటో మాట్లాడుకుని, పదో రోజుకు విసుగొచ్చి, ఇది పోతే బాగుండు అని ఒక్క క్షణం అనుకున్న మనిషి, అది నిజంగా పోయాక ఆ క్షణాన్ని తనను తాను మర్చిపోనివ్వడు. అలసట నుంచి పుట్టిన కోరికను ద్వేషం నుంచి పుట్టినట్టు చదువుకోవడం ఇది. మనుషులకు సేవ చేసేవాళ్లలోనూ సర్వసాధారణంగా కనిపిస్తుంది, కుక్క విషయంలో మాత్రం ఎవరితోనూ చెప్పుకోలేరు.

మందిచ్చి నిద్రపుచ్చే నిర్ణయం అన్నిటికన్నా బరువైనది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోనే, బతికించి ఉంచడం క్రూరత్వమయ్యే స్థితిలోని జంతువుల గురించి 13వ సెక్షన్ ఉంది. వాడేది మత్తుమందే, ఎక్కువ మోతాదులో. కుక్కకు కొన్ని క్షణాల్లో స్పృహ పోతుంది, గుండె ఆ తరువాత ఆగుతుంది. ప్రాణం తీసే హక్కు మనకెక్కడిదని వెనకాడేవాళ్లు ఇక్కడ ఎక్కువ, ఆ సంకోచాన్ని అజ్ఞానమని నేననను. ఎటు వెళ్లినా మనసు పీకుతుంది. ఇక్కడ పనికొచ్చే పని ఒకటుంది. అలీస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఒక కొలబద్ద ఇచ్చింది. నొప్పి, ఆకలి, దాహం, శుభ్రత, సంతోషం, కదలిక, మంచిరోజులు ఎన్ని అన్న ఏడింటికీ సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. మొత్తం 35 దాటితే బతుకు ఇంకా బాగున్నట్టు. అంకెల కచ్చితత్వం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ రోజూ క్యాలెండర్ గడిలో అంకె వేసినవాళ్ల దగ్గర, ఫలితం తెలియని రోజున రాసిన సాక్ష్యం ఉంటుంది. బుర్ర జ్ఞాపకాన్ని తిరగరాయగలదు, క్యాలెండర్‌ను తిరగరాయలేదు. చివరి రెండు వారాల్లో ఆ అంకెలు ముప్పై నుంచి పన్నెండుకు దిగిన వరస కళ్లముందుంటే, తొందరపడ్డానా అన్న ప్రశ్నకు కాగితమే జవాబు చెబుతుంది.

ఈ వాదనకు అభ్యంతరాలున్నాయి, మొదటిది ఈ నేల మీదినుంచే లేస్తుంది. 1980ల చివర్లో తెల్లదోమతో పత్తి పోయి, అప్పులు తీరక, గుంటూరు, ప్రకాశం రైతులు చేలో కొట్టాల్సిన మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాతా అది ఆగలేదు. మనిషి చావుకే దిక్కులేని చోట కుక్క కోసం శోకమేమిటి? ఇది తేలిగ్గా తీసేయాల్సిన ప్రశ్న కాదు. కానీ దీని వెనుక ఒక ఊహ ఉంది, జాలి అనేది కడుపు నిండినవాళ్ల దగ్గరే పుడుతుందని, కొలత ప్రకారం ఉంటుందని. చరిత్ర వేరేగా చెబుతుంది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో రాళ్లు కొట్టేవాళ్లకు ఒక సమాధి దొరికింది. సుమారు 14 వేల ఏళ్ల నాటిది, ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒక కుక్కపిల్ల. ఆ పిల్ల పళ్లను ల్యూక్ యాన్సెన్స్ బృందం పరిశీలించి 2018లో ప్రచురించింది. పంటి పింగాణీ మీద అడ్డంగా పడ్డ లోపాలు, అది పందొమ్మిది వారాల వయసు నుంచి డిస్టెంపర్ అనే జబ్బుతో విడతలవారీగా తీవ్రంగా పడిపోయిందని చెబుతున్నాయి. సుమారు ఇరవై ఎనిమిది వారాలకు చనిపోయింది. ఎవరో నీళ్లు తాగించి, వెచ్చగా ఉంచి, వాంతులు, విరేచనాలు శుభ్రం చేయకపోతే మొదటి విడతలోనే మూడు వారాల్లో పోవాల్సిన పిల్ల అది. అప్పటికి అది వేటకు పనికొచ్చే వయసూ కాదు, ఒళ్లూ కాదు. మంచుయుగపు వేటగాళ్లకన్నా లేమిలో ఉన్నవాళ్లను ఊహించలేం. మన పక్కనే కర్ణాటకలోని ఆతకూరులో, పదో శతాబ్దం మధ్యలో, అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే కుక్కకు వీరగల్లు నిలబెట్టారు. రాతి మీద చెక్కించుకునేంత శోకాన్ని ఆనాటి ఊరు ఎగతాళి చేసినట్టు లేదు. రైతు చావుకు కారణం అప్పు, ధర, మందుల దుకాణం. కుక్క కోసం కారిన కన్నీళ్లు ఆపితే వాటిలో ఏదీ మారదు.

రెండో అభ్యంతరం భయం నుంచి వస్తుంది. ప్రపంచంలో రేబిస్‌తో ఏటా సుమారు 59 వేల మంది చనిపోతున్నారని అంచనా, అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. కరిచిన బిడ్డ తల్లికి ఈ అధ్యాయం నచ్చకపోవచ్చు, ఆమె కోపం న్యాయమైనదే. రేబిస్ వచ్చిన కుక్కను సాకడం, ఒళ్లో పెట్టుకుని ఏడవడం రెండూ కుదరవు. దూరంగా కట్టేసి, చొంగ తగలకుండా, డాక్టరును పిలవడం ఒక్కటే దారి. ప్రేమ తగ్గినందుకు కాదు, ఇంట్లోవాళ్ల ప్రాణాలకోసం అలా చేసినవాళ్లు తరువాత ముట్టుకోలేకపోయానని కుమిలిపోతారు. వాళ్ల విషయంలో కుమిలిపోవడానికి ఏమీ లేదు. మూడు నెలల వయసులో వేయించే ఒక టీకా, తరువాత ఏటా ఒకటి, ఈ దృశ్యాన్ని రానివ్వవు. ఇది నిజమైన బాధ్యత కిందికి వచ్చేది.

ఇక, ఇన్ని లెక్కలు తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా అని అడిగేవాళ్లుంటారు. ఆగదు. ఆగాలని ఎవరూ అనలేదు. దుఃఖం మెట్లవారీగా దిగుతుందన్న మాట ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969 పుస్తకం నుంచి వచ్చింది. ఆమె మాట్లాడించింది చావుకు దగ్గరైన రోగులతో, పోగొట్టుకున్నవాళ్లతో కాదు. తరువాతి పరిశోధన ఆ మెట్ల వరసను బలపరచలేదు. మార్గరెట్ స్ట్రీబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన నమూనా వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతుకు పనుల వైపు అటూఇటూ ఊగుతూ కోలుకుంటాడు. కళ్ళంలో కాయ తిరగేసే పని ఉన్నవాడికి ఈ ఊగిసలాట దానంతటదే దొరుకుతుంది. నేరభావం మాత్రం ఈ ఊగిసలాటను ఒకవైపే బిగించేస్తుంది, అందుకే దాన్ని విడిగా తీసి చూడాలన్నది నా వాదన. కెన్నెత్ డోకా 1989లో, సమాజం గుర్తించని శోకం అని ఒక మాట అన్నాడు. కుక్క చచ్చిపోతే పలకరించడానికి ఎవరూ రారు, పెదకర్మ ఉండదు, సెలవు దొరకదు. పలకరింపు లేనిచోట తప్పొప్పుల విచారణ ఒంటరిగా, అర్ధరాత్రి జరుగుతుంది, తీర్పు ఎప్పుడూ ఒకవైపే వస్తుంది. ఇంట్లో అందరూ కూర్చుని, ఏది ఎవరికి ఎప్పుడు తెలిసిందో ఒక్కసారి వరసగా చెప్పుకుంటే ఆ విచారణకు సాక్షులు దొరుకుతారు.

బాధ తట్టుకోలేక వారం తిరక్కుండా ఇంకో పిల్లను తెచ్చేవాళ్లు చాలామంది. ప్రేమ విషయంలో అది మంచిదా కాదా అన్నది ఎవరింటికి వాళ్లు తేల్చుకోవాలి. జబ్బు విషయంలో మాత్రం శాస్త్రం స్పష్టంగా ఉంది. పార్వోతో పోయిన ఇంట్లో ఆ వైరస్ నీడపట్టు మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు సబ్బునీళ్లకు చావదు, గచ్చు మీదైతే కడిగాక బ్లీచింగ్ ద్రావణానికి చస్తుంది, మట్టినేలలో అది కూడా నమ్మకం కాదు. పిడుదుల జ్వరంతో పోయిన ఇంట్లో పెద్ద పిడుదు ఏమీ తినకుండా గోడ పగుల్లో ఏడాదికి పైగా ఆగగలదు. పాత గిన్నె, గొలుసు పారేసినంత మాత్రాన చాలదు. పగుళ్లు సిమెంటుతో పూడ్చి, కుక్క పడుకున్న మూల, మంచం కోళ్లు, చూరు వాసాలు పిడుదుల మందుతో శుద్ధి చేయించి, కొన్ని వారాల తరువాత మళ్లీ చేయించాలి, గుడ్లనుంచి కొత్తవి వస్తాయి కాబట్టి. పార్వో ఇల్లయితే పదహారు వారాలు నిండి చివరి టీకా పడి, ఆ పైన ఒకటి రెండు వారాలు గడిచిన పిల్లను గానీ, టీకాలన్నీ పడ్డ పెద్ద కుక్కను గానీ తెచ్చుకోవాలి.